కాంతిచికిత్స

కంభము చెఱువుకట్టపై సాయంకాలమున నిలిచి చూచువారికి రెండు దృశ్యములు ఒక్కమాఱుగా కనబడును. ఒక ప్రక్కను కొండల నడుమ గుండ్లకమ్మ నడ్డగించి నిలిపిన నీరు; రెండవ ప్రక్కను ఆ నీటివలన పండిన పైరు. రెంటికిని నడుమ నున్నది తూము. ఈ చెఱువును విజయనగరరాజుల కాలమున వరదరాజమ్మ యను రాణి కట్టించెనని జనశ్రుతి. అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు 2020లో దీనిని ప్రపంచమునందలి వారసత్వ కట్టడములలో నొకటిగా నెన్నుకొనిరి. నీరు మిక్కిలి బలముగలది. కాని తూములేని నీరు వరదయగును, తూముగల నీరు పంటయగును. మేమిందు వ్రాయబూనినది నీటినిగూర్చి కాదు, వెలుగునుగూర్చి. అయినను ఈ తూముమాటను చదువరులు మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాము. దానితో మరల పని గలుగును.

ఎండయందు ఆరోగ్యము కలదను నమ్మకము మన యిండ్లలో క్రొత్తది కాదు. పరుపులును దుప్పట్లును ఎండలో వేయని యిల్లాలు లేదు. రథసప్తమినాడు జిల్లేడాకులు తలపై నుంచుకొని స్నానము చేయుదుము. అరసవల్లిలో సూర్యనారాయణస్వామికి మ్రొక్కుకొనువారిలో చర్మరోగులును నేత్రరోగులును తఱుచుగా నుందురు. మయూరకవి సూర్యశతకము రచించి కుష్ఠువ్యాధినుండి విముక్తుడయ్యెనను కథ మన పండితులందఱు నెఱిగినదే. ఈ యాచారములను చూచి కొందఱు, "పాశ్చాత్యులు నేడు కనుగొన్నదంతయు మన పూర్వులకు తెలిసినదే" యని తృప్తినొంది యూరకుందురు. మఱికొందఱు, "ఇవన్నియు మూఢవిశ్వాసములు" అని నవ్వి యూరకుందురు. ఊరకుండుటయందు రెండు తెగలవారును సమానులే. వెలుగు రోగమును మాన్పునా, మాన్పినచో నేరోగమును, ఏ వెలుగు, ఎంతసేపు, ఏ విధమున మాన్పును అని యడిగినవారే విద్యను ముందునకు నడిపినవారు. వారి చరిత్రమును సంగ్రహముగా చెప్పుటయే మా యుద్దేశము.

ఈ చరిత్రముతో మనకిప్పుడేమి పని యని యడుగవచ్చును. పని గలదు. మందులకు లొంగని సూక్ష్మజీవుల వలన 2019వ సంవత్సరమున ప్రపంచమున పండ్రెండు లక్షల డెబ్బదివేలమంది నేరుగా మృతినొందిరని శాస్త్రజ్ఞులు లెక్కవేసి 2022లో ప్రకటించిరి. అట్టి సూక్ష్మజీవుల సంబంధము గల మరణములు ఆ యేటనే దాదాపు నలువది తొమ్మిది లక్షల యేబదివేలు. మన తాతల కాలమున గోటిచుట్టు ముదిరి ప్రాణము తీసినదని వినుచుంటిమి. మన తండ్రుల కాలమున అది నాలుగు మాత్రలతో పోయెడి వ్యాధి యయ్యెను. మన బిడ్డల కాలమున అది మరల తాతలనాటి వ్యాధి కాకుండవలెనన్నచో మందుల సంగతియు, మందులకు తోడుగా రాగల యుపాయముల సంగతియు గృహస్థులు తెలిసికొనక తప్పదు. అట్టి యుపాయములలో వెలుగొకటి.

1877లో ఆంగ్లదేశమున డౌన్సు, బ్లంటు అను నిరువురు ఒక చిన్న పరీక్ష చేసిరి. సూక్ష్మజీవులు పెరుగుటకు తగిన ద్రవమును గాజుగొట్టములలో పోసి, కొన్నిటిని ఎండలో నుంచిరి, కొన్నిటిని కప్పి యుంచిరి. కప్పినవి మసకబాఱి చెడిపోయినవి. ఎండలోనివి తేటగా నిలిచినవి. ఎండయొక్క వేడిమి కాక వెలుగే యీ పనిచేసినదనియు, వెలుగునందును నీలపు టూదా భాగమునకు శక్తి యెక్కువ యనియు వారు తెలిసికొనిరి. 1890లో బెర్లినునందు జరిగిన వైద్యమహాసభలో కాకుపండితుడు క్షయసూక్ష్మజీవులు సూర్యరశ్మిచే చచ్చునని చెప్పెను. పరుపులు ఎండవేయు మన యిల్లాండ్ర యాచారమునకు కారణము అప్పటికి దొరికినది.

కారణము దొరికినంత మాత్రమున చికిత్స కాదు. వెలుగునకు తూము కట్టినవాడు నీల్సు ఫిన్సెను. ఈతడు 1860లో ఫారో దీవులలో జన్మించి డెన్మార్కున వైద్యము నభ్యసించెను. తానే చిరరోగి. ఆ దినములలో యూరపుఖండమున చర్మక్షయ యను నొక దారుణవ్యాధి ముఖమును, ముక్కును, పెదవులను తినివేయుచుండెను. ఆ రోగులు ముసుగు లేక వీధికి రాజాలకుండిరి. ఫిన్సెను బొగ్గుకడ్డీల విద్యుద్దీపపు వెలుగును కటకములతో నొకచోటికి చేర్చి, నడుమ నీటిని పాఱించి వేడిమిని తీసివేసి, చర్మమును స్ఫటికపు బిళ్లతో నొక్కి రక్తమును తొలగించి, ఆ చోటనే వెలుగును ప్రసరింపజేసెను. ఒక్కొక్క రోగికడ నొక్కొక్క పరిచారిక గంటకు పైగా కూర్చుండవలసియుండెను. అట్లు నెలల తరబడి జరుగవలసియుండెను. చాలమందికి ముఖము తిరిగి వచ్చెను. 1896లో కోపెన్‌హేగనునందు కాంతివైద్యశాల యేర్పడెను. 1903లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. మఱుసటి యేటనే, నలువదిమూడేండ్ల ప్రాయమున, ఆయన మృతినొందెను.

ఆ 1903లోనే స్విట్జర్లాండున లేజాఁ యను కొండయూరిలో రోలియే యను వైద్యుడు ఎముకలక్షయ పట్టిన పిల్లలను మంచుకొండల యెండలో క్రమక్రమముగా, మొదట పాదములు, పిదప కాళ్లు, పిదప దేహమంతయు చూపి చికిత్స చేయ నారంభించెను. అచ్చటచ్చట కొండలపై క్షయవైద్యశాలలు వెలసినవి. ఆ యల మన దేశమునకును వచ్చెను. ఫిన్సెను దేశస్థుడే యగు క్రిస్టియను ఫ్రిమొడ్ మొల్లరు అను డేనిషు వైద్యుడు 1912లో మన రాయలసీమలోని మదనపల్లెయందు క్షయవైద్యశాలను స్థాపించెను. 1915లో అది ఊరివెలుపలి క్రొత్తకట్టడములకు మాఱెను. ఆ చోటునకు ఆరోగ్యవరమని పేరు. విశ్రాంతి, బలమైన యాహారము, నిర్మలమైన గాలి, ఎడములేని వెలుతురు. ఆకాలపు క్షయవైద్యశాలల చేతనున్న ఆయుధము లివియే. చాలమంది రోగులకు ఇవి చాలవని వైద్యులకును తెలియును. అయినను వేఱు మందు లేనప్పుడు, రోగిని చీకటిగదిలో మూలవేసి యుంచు ఆచారముకంటె నిది వేయిరెట్లు మేలు.

ఇంతలో వెలుగుకథ మఱియొక మలుపు తిరిగెను. 1897-98 శీతకాలమున మ్యూనికు నగరమున ఆస్కరు రాబు అను విద్యార్థి ఒక రంగుపదార్థము నీటిజీవులపై నెట్లు పనిచేయునో పరీక్షించుచుండెను. ఒకనాడు ఆ రంగువలన జీవులు త్వరగా చచ్చెను. మఱొకనాడు అంతే రంగు వేసినను చాలసేపు బ్రతికియుండెను. భేదమేమని యారయగా, రెండవనాడు మబ్బుపట్టి యుఱుములతో చీకటి గ్రమ్మియుండెనని తేలెను. రంగు ఒంటిగా చంపలేదు; వెలుగు ఒంటిగా చంపలేదు; రెండును కూడి చంపినవి. ఆతని గురువగు ఫాన్ టాపైనరు ప్రాణవాయువుకూడ నుండినగాని యీ పని జరుగదని కనిపెట్టి, 1904లో దీనికొక ప్రత్యేకనామ మిడెను.

ఈ రంగులలో నొకటి మన ప్రాంతమువారికి మిక్కిలి యాసక్తి కలిగింపవలసినది. నల్లమల చేరువ పల్లెలకు చలిజ్వరము చిరకాలపు శత్రువు. ఆ జ్వరబీజము దోమకడుపులో పెరుగునని రోనాల్డు రాసు సికిందరాబాదున 1897లో కనుగొనెను. దానికి ఆఱేండ్లు ముందు, 1891లో, ఎర్లిహ్ అను జర్మను పండితుడు బట్టలకు వేయు మిథిలీను నీలమను నీలిరంగును చలిజ్వరపు రోగులకిచ్చి గుణమును చూచెను. రంగులగది నుండి మందులగదికి వచ్చిన యీ నీలమే నేడు ఎఱ్ఱని వెలుగుతో కూడి మందులకు లొంగని సూక్ష్మజీవులను చంపుటకు వాడబడుచున్నది.

మన వైద్యమునందును ఇట్టి యుదాహరణ మొకటి లేకపోలేదు. బొల్లిమచ్చలకు బావంచాలు నూఱి పూసి ఎండ చూపుట మన దేశమున ప్రాచీనాచారము. బావంచాలలోని పదార్థము చర్మమున చేరి, సూర్యరశ్మి తగిలినప్పుడే పనిచేయునని నేటి శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ వంశపు పదార్థములను కృత్రిమకాంతితో జోడించిన చికిత్స 1974 నుండి ప్రపంచమున ప్రచారమునకు వచ్చెను. ఇది సూక్ష్మజీవులను చంపు చికిత్స కాదు. అయినను మందును వెలుగును జత చేయు తెలివి మన పూర్వులకుండెనని గర్వింపవచ్చును. కాని మోతాదు నెఱుగక పూసికొని బొబ్బలెక్కినవారును ఆ పూర్వకాలమున నుండియేయుందురు. మోతాదు నేర్పినది నేటివిద్య. గర్వము పూర్వులది కావచ్చును, బాధ్యత మనదే.

పిమ్మట యాంటీబయాటిక్కుల యుగము వచ్చెను. ఫ్లెమింగు 1928లో పెనిసిలినును చూచెను. 1940 తరువాత అది మందయ్యెను. 1943లో స్ట్రెప్టోమైసిను దొరికెను. మన భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధనాధ్యక్షులుగా నున్న లెడర్లి సంస్థనుండి 1948లో ఆరియోమైసిను వెలువడెను. టెట్రాసైక్లిను వంశమునకది మొదటిది. ఆ యేటనే సుబ్బారావుగారు పరమపదించిరి. వెలుగుతో నెలలు పట్టు పనిని సూది దినములలో చేయుచుండగా కాంతిదీపముల నెవ్వరు వెలిగింతురు? అవి మూలబడినవి. మదరాసునందు 1956లో ప్రారంభమైన క్షయచికిత్సా కేంద్రమువారు పేదరోగులను కొందఱిని వైద్యశాలలోను, కొందఱిని వారివారి యిండ్లలోను ఉంచి, ఇరుతెగలవారికిని ఒకే మందులనిచ్చి పరీక్షించిరి. ఇఱుకిండ్లలో నున్నవారికిని వైద్యశాలలోని వారితో దాదాపు సమానముగానే నయమయ్యెనని 1959లో ప్రకటించిరి. మందు సక్రమముగా మ్రింగుటయే ముఖ్యమని దానితో లోకమంతట తెలిసెను. పాతచికిత్సను మేమెంత ప్రేమించినను ఈ సత్యమును మఱుగుపఱుపరాదు. క్షయరోగికి ఎండ మందు కాదు, మందే మందు.

అయితే విజయములోనే యపజయపు బీజము పడెను. 1948లో ప్రకటితమైన ఆంగ్లదేశపు పరీక్షలోనే, స్ట్రెప్టోమైసిను ఒక్కటే తీసికొన్న క్షయరోగులు పలువురియందు కొలది నెలలకే సూక్ష్మజీవులు ఆ మందునకు లొంగకపోవుట కనబడెను. 1945లో నోబెలు బహుమానమందుకొనుచు ఫ్లెమింగే తక్కువ మోతాదులో పెనిసిలినును వాడినచో సూక్ష్మజీవులు దానికి అలవాటుపడునని హెచ్చరించియుండెను. లోకము మందును గ్రహించెను, మాటను విడిచెను. మన తెలుగుదేశమున జరిగినదొకటి చెప్పెదము. హైదరాబాదు చేరువ పటాన్‌చెరులో అనేక మందుల కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రమొకటి కలదు. దాని నుండి వెలువడు నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములను ప్రకటించిరి. ఆ నీటిలో లీటరునకు ముప్పదియొక్క మిల్లీగ్రాములవఱకు సిప్రోఫ్లాక్సాసిను మందు ఉండెను. ఆరోగ్యము కొఱకు చేసిన మందు వాగులలో ప్రవహించి, అందలి సూక్ష్మజీవులకు ప్రతినిత్యము కసరత్తు నేర్పుచుండెను. ఇంతకంటె విపరీతమేమి కలదు?

ఈ స్థితిలో మూలబడిన దీపమును శాస్త్రజ్ఞులు మరల తుడిచి వెలిగించిరి. అది పనిచేయు విధమును సులభముగా చెప్పెదము. యాంటీబయాటిక్కు తాళపుచెవి వంటిది. సూక్ష్మజీవియందలి యొకానొక తాళమునందు దూరి దాని జీవితమును బంధించును. సూక్ష్మజీవి తన తాళమును కొంచెము మార్చుకొన్నచో చెవి పట్టదు. లేదా చెవిని విఱుచు విద్యను, బయటికి త్రోయు విద్యను నేర్చుకొనును. కాంతిచికిత్స యట్టిది కాదు. వెలుగును పీల్చు రంగు సూక్ష్మజీవిని అంటుకొనును. తగిన వెలుగు పడగానే ఆ రంగు తాను గ్రహించిన శక్తిని ప్రక్కనున్న ప్రాణవాయువునకిచ్చును. అది యుగ్రరూపము దాల్చి చేరువ నున్న పొరను, మాంసకృత్తులను, బీజద్రవ్యమును దేనినైనను దహించును. ఇది తాళము తెఱచుట కాదు, తలుపునకు నిప్పుపెట్టుట. ఆ నిప్పు క్షణములో లక్షల వంతులంతసేపు మాత్రముండి, తన చుట్టును మిక్కిలి స్వల్పదూరమును దాటకుండ చల్లాఱును. అందువలన ఇతర మందులకు లొంగని సూక్ష్మజీవులును దీనికి సాధారణముగా లొంగుచున్నవి.

ఒక చిత్రము. ఫిన్సెను తన చికిత్సకు కారణము అతినీలలోహిత కిరణములు నేరుగా సూక్ష్మజీవులను చంపుటయే యని తలచెను. కాని డేనిషు పరిశోధకులు ఆయన వాడిన సాధనములను పరీక్షించి 2005లో వేఱుమాట చెప్పిరి. ఆ కటకములు హ్రస్వతరంగములగు ఆ కిరణములను లోనికి పోనీయలేదు. క్షయసూక్ష్మజీవులు తమయందు తామే యొక రంగుపదార్థమును తయారుచేసికొనుచుండగా, మిగిలిన వెలుగు దానిని మండించెనని వారి యభిప్రాయము. అనగా శత్రువు తన కడుపులోనే తనకు చితిపేర్చుకొనుచుండెను. ఫిన్సెను నిప్పు ముట్టించెను. కారణము తప్పుగా తెలిసినను పని సరిగా చేసినవాడు ధన్యుడు. కాని నూఱేండ్ల తరువాతనైన కారణమును విచారించినవారును అంతే ధన్యులు. రంగును బయటినుండి పూయకయే నీలపువెలుగుతో కొన్ని సూక్ష్మజీవులను చంపు నేటి ప్రయత్నములకు ఇదియే మూలసూత్రము.

నేడీ విద్య యెంతవఱకు వచ్చినది? కెనడాలోని వాంకూవరు నగరపు వైద్యశాలలో, పెద్ద శస్త్రచికిత్సకు ముందు రోగి ముక్కుపుటములలో మిథిలీను నీలమును పూసి కొన్ని నిమిషములు ఎఱ్ఱని వెలుగును చూపు పద్ధతి 2011లో ప్రారంభమయ్యెను. మొండి సూక్ష్మజీవులు ముక్కున కాపురముండి, కోసిన గాయములోనికి దిగుట తఱుచు. దేహమును క్రిమినాశకముతో తుడుచుటయు దీనికి తోడుచేయగా, నూటికి 2.7 గా నుండిన గాయపుచీము వ్యాధులు 1.6కు తగ్గినవని 2014లో ప్రకటించిరి. చిగుళ్లవ్యాధికి దంతవైద్యులు పలుదేశములలో నిట్టి చికిత్స చేయుచున్నారు. స్కాట్లాండులోని గ్లాస్గోలో కాలినగాయముల వార్డునందు ఊదానీలపు దీపములను పైకప్పునకమర్చి గదినే శుద్ధిపఱచు ప్రయోగము చేసిరి. ఇవన్నియు యాంటీబయాటిక్కు మాత్ర ఖర్చుకాకుండ చేసిన పనులని చదువరులు గమనింపవలెను.

అట్లని దీనిని సంజీవనియని చెప్పినచో మేము చదువరులను మోసగించినవార మగుదుము. దీనికి హద్దులు గలవు. ఎఱ్ఱని వెలుగైనను మాంసములో కొలది మిల్లీమీటర్లు మాత్రమే చొచ్చును. నీలపు వెలుగు అంతకన్నను తక్కువ. కావున చర్మము, గాయము, నోరు, ముక్కు వంటి వెలుగు చేరుచోట్లకే యీ చికిత్స తగును. రక్తమున వ్యాపించిన విషమునకును, ఊపిరితిత్తులలోని చీమునకును ఇది చాలదు. రెండుపొరల కవచముగల సూక్ష్మజీవులకు రంగు సులభముగా నంటదు. వానికి తగిన రంగులను వెదకవలసియున్నది. రంగు తక్కువైనను, వెలుగు చాలకున్నను సూక్ష్మజీవి చావక తెలివి తెచ్చుకొనవచ్చును. మఱియు క్రిములను నేరుగా చంపు అతినీలలోహిత దీపములు చాలవఱకు మనుష్యుని కంటికిని చర్మమునకును హాని చేయునవే. అంగడిలో దొరకు నీలపుదీపమును కొని పుండుపై పట్టుకొనుట వైద్యము కాదు. మానని పుండును మిట్టమధ్యాహ్నపు టెండలో చూపుటయు వైద్యము కాదు. పచ్చకామెర్ల పసికందును వైద్యశాలలో నీలపువెలుగున పరుండబెట్టుట చూచి, ఇంటివద్ద ఎండలో పెట్టిన చాలునని తలచుటయు అట్టి పొరపాటే. ఆ వెలుగు కొలిచి యిచ్చిన వెలుగు; మన వాకిట నెండ కొలతలేనిది.

ఇప్పుడు తూముమాటకు వచ్చెదము. చెఱువుక్రింది రైతులకు నీరుగంటి యేల? నీరు లేకపోవుటచేత కాదు, నీరందఱిదియు నగుటచేత. ఎగువవాడు తనకిష్టమైనప్పుడు తూమెత్తినచో వాని మడి నిండును, దిగువవాని మడి బీటలువాఱును. యాంటీబయాటిక్కు మందులును ఊరుమ్మడి చెఱువు వంటివి. జలుబునకు, ఒళ్లునొప్పికి, వాని వలన పోని వైరసు జ్వరమునకు అంగడికి పోయి, "మొన్నటి మాత్రలే రెండిమ్ము" అని తెచ్చుకొనువాడు ఊరి తూమును రాత్రివేళ నెత్తిన వాడే. అయిదుదినముల మందును రెండుదినములకు మాని, మిగిలినవానిని దేవుని గూటిలో దాచి, పొరుగింటివారి కిచ్చువారు దానము చేయుచున్నామని తలతురు. వారు పంచునది మాత్రలనే కాదు, మాత్రలకు లొంగని సూక్ష్మజీవులను గూడ. వాని ఫలము తమయింట ముసలితల్లికో, ఎదురింటి బాలింతరాలికో, ఎన్నడును మాత్ర మ్రింగని పసిబిడ్డకో తగులును.

ప్రభుత్వమువారు చట్టము చేయకపోలేదు. 2014 నుండి కొన్ని బలమైన మందులను వైద్యుని చీటిలేక అమ్మరాదనియు, అమ్మినదానిని పుస్తకమున వ్రాయవలెననియు నియమము గలదు. 2016 నుండి మందురేకుపై నెఱ్ఱగీత యున్నచో వైద్యుని యనుమతిలేక వాడరాదని ప్రజలకు తెలుపుచున్నారు. కడపటి మందుగా దాచుకొనవలసిన కొలిస్టినును కోళ్లకును పశువులకును మేతలో పెట్టుటను 2019లో నిషేధించిరి. చట్టము కట్టవంటిది, కట్ట యెంత గట్టిదైనను తూము కడ కాపువాడు నిద్రించినచో ప్రయోజనము లేదు. ఆ కాపువాడు గృహస్థు, గృహిణి. రేకుపై నెఱ్ఱగీతను చదువగల యిల్లాలు ఇంటికొక నీరుగంటి. స్త్రీవిద్య యేల యని యడుగువారికి ఇదియు నొక సమాధానము.

పాతదీపమును మరల వెలిగించిన శాస్త్రజ్ఞులను మేము కొనియాడుచున్నాము. కాని ఆ దీపము మూలకుపోవుటకు కారణమైన మందులను మనమే పాడుచేసికొని, మరల దీపముకొఱకు వెదకుచున్నామను మాట మఱువరాదు. ఈ దీపమును గూడ అట్లే పాడుచేసినచో దానికి మాఱుగా మఱియొకటి సిద్ధముగా లేదు. కంభము చెఱువు కట్టించిన రాణిపేరు జనుల నోట నిలిచియున్నది. దానిని తరతరములు కాపాడిన నీరుగంట్ల పేర్లు ఎవ్వరికిని తెలియవు. అయినను చెఱువు నిలిచినది ఆ పేరులేనివారి వలననే. మందులను కనుగొన్నవారి పేర్లు చరిత్రమున నుండును. వానిని మన మనుమల కాలమువఱకు నిలుపుట పేరులేని మన పని. అంగడివాడు మాత్ర లీయబోయినప్పుడు, "వైద్యుడు వ్రాసెనా?" యని యొక్కమాట యడుగుటతో ఆ పని మొదలగును.